విమర్శకుడు దిదెరో

సమకాలికుల కవిత్వాన్ని, నాటకాన్ని, చిత్రాలను విమర్శించడమంత సుఖమైన పని మరొకటి లేదని కొందరనుకుంటారు. వ్రాయలేనివాడు, నటించలేనివాడు, కుంచె పట్టలేనివాడు తుదకు చేరే మజిలీ అదేనని పరిహాసం చేసేవారూ కలరు. మన పత్రికలలో వెలువడే సమీక్షలను చూస్తే ఆ పరిహాసంలో కొంత నిజం లేకపోలేదనిపిస్తుంది. గ్రంథకర్త మనవాడైతే ఆకాశానికెత్తడం, కానివాడైతే పేరైనా తలవకపోవడం అనే రెండు మార్గాలలోనే ఆ వ్యవహారం నడిచిపోతున్నది. జీవించి ఉన్న కళాకారుని కృషిని, రేపు ఆ మనిషి వీథిలో ఎదురుపడతాడని తెలిసి కూడా, ఉన్నదున్నట్లు తూచి చెప్పడం ఎంతటి కష్టమో తెలియాలంటే ఫ్రెంచి రచయిత డెనీ దిదెరో జీవితాన్ని చదవాలి. విజ్ఞాన సర్వస్వ సంపాదకుడుగా లోకమంతా ఆయనను ఎరుగును. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు తెలుగువారికి విజ్ఞాన సర్వస్వాన్ని అందించడానికి పూనుకొన్న కాలానికి నూటయాభై ఏళ్లకు పైగా పూర్వమే ఆ పనిని ఫ్రెంచి భాషలో సాధించినవాడు దిదెరో. అయితే ఈ వ్యాసంలో ఆ మహాగ్రంథం గురించి అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాను. ఆయన రహస్యంగా, ఇంచుమించు అజ్ఞాతంగా సాగించిన మరొక వ్యాసంగమే ఇక్కడ ముఖ్యం.

దిదెరో 1713 అక్టోబరు 5వ తేదీన షాంపేన్ ప్రాంతంలోని లాంగ్ర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కత్తులు చేసే పనివాడు. శస్త్రవైద్యులు వాడే సన్నని కత్తులు చేయడంలో ఆయనకు మంచి పేరుండేది. కుమారుణ్ణి మతాచార్యుణ్ణి చేయాలన్న కోరికతో జెస్యూట్ ఫాదరీల పాఠశాలలో చదివించాడు. 1726లో ఆ బాలుని శిరస్సుపై కేశఖండన సంస్కారం కూడా జరిగింది. పై చదువులకు పారిస్ నగరం చేరి, 1732లో అక్కడి విశ్వవిద్యాలయ పట్టా పొందిన తర్వాత, యువకుని మనస్సు మతాచార్యత్వం మీద గాని, న్యాయవాద వృత్తి మీద గాని నిలువలేదు. తండ్రి పైకం పంపడం మానివేశాడు. సుమారు పదేళ్లు లెక్కలు చెప్పి, అనువాదాలు చేసి, ఇతరులకు మతప్రసంగాలు వ్రాసిపెట్టి పొట్ట పోసుకొన్నాడు. అల్లికబట్టలు అమ్ముకొనే ఒక బీద కుటుంబపు కన్యను పెండ్లాడదలచి అనుమతి కోరగా, తండ్రి ఆయనను ఒక మఠంలో నిర్బంధించాడు. అక్కడినుండి తప్పించుకొని వచ్చి 1743లో రహస్యంగా ఆమెను వివాహం చేసుకొన్నాడు. ఈ దంపతుల సంతానంలో బ్రతికి బట్టకట్టినది 1753లో పుట్టిన ఆంజెలిక్ అనే కుమార్తె ఒక్కతే.

ఆయన తొలి తాత్త్విక గ్రంథాన్ని 1746లో పారిస్ న్యాయస్థానం దగ్ధం చేయించింది. 1749లో పుట్టుగ్రుడ్డివారిని గురించి లేఖారూపంలో ఒక గ్రంథం వ్రాశాడు. కన్నులు లేనివాడు లోకాన్ని, అందాన్ని, నీతిని ఏ విధంగా భావన చేస్తాడన్నది అందులోని విచారణ. ఆ విచారణ దైవాస్తిత్వం వరకూ సాగడంతో ఆ ఏడు జూలై 24న రాజభటులు ఆయనను పట్టి వాన్సెన్ కోటలో ఉంచారు. మూడు మాసాలకు పైగా అక్కడ గడిపి, ఇకమీదట అట్టివి వ్రాయనని మాట ఇచ్చి నవంబరు 3న బయటపడ్డాడు. ఈ సంఘటనను పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. తర్వాతి ముప్పదియైదేళ్లలో తాను వ్రాసిన ఉత్తమ రచనలలో అధికభాగాన్ని అచ్చుకు ఇవ్వకుండా పెట్టెలో దాచుకోవడానికి ఈ జైలు అనుభవమే ప్రధాన కారణం. కన్ను లేనివాని గురించి ఆలోచించి చెరసాల పాలైన మనిషి, పదేళ్ల తర్వాత, ఒక చిత్రాన్నైనా చూడలేనంత దూరంలో ఉన్నవారికి మాటలతో చిత్రాలను చూపే పనిని తలకెత్తుకొన్నాడు.

విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం 1751లో వెలువడింది. అక్కడినుండి 1765 వరకు పదునేడు సంపుటాల పాఠ్యం, 1772 వరకు పదకొండు సంపుటాల చిత్రపటాలు వెలువడ్డాయి. మధ్యలో 1759లో ప్రభుత్వం అనుమతిని రద్దుచేసింది. సహసంపాదకుడైన దలాంబేర్ తప్పుకొన్నాడు. దిదెరో ఒక్కడే ఇంట తలుపులు మూసుకొని పని సాగించాడు. చివరకు 1764లో, ముద్రాపకుడే తనకు తెలియకుండా వ్యాసాలలోని ఘాటైన భాగాలను కత్తిరించివేశాడని తెలిసినప్పుడు ఆయన పడిన వేదన ఇంతంత కాదు.

చిత్రకళా సమీక్ష కూడా ఆ 1759వ సంవత్సరంలోనే ఆరంభమైంది. ఆయన మిత్రుడు గ్రిమ్ జర్మను దేశస్థుడు, పారిస్‌లో స్థిరపడినవాడు. ఈయన ఒక విచిత్రమైన పత్రికను నడిపేవాడు. అది అచ్చయ్యేది కాదు. లేఖకులు చేతితో నకళ్లు తీసేవారు. చందాదారులు సుమారు పదునైదుగురు మాత్రమే. కాని వారెవరు? రష్యా రాజ్ఞి కేథరిన్, స్వీడను రాణి, పోలండు రాజు, జర్మను సంస్థానాధీశులు. పారిస్‌లో ఏ గ్రంథం వెలువడింది, ఏ నాటకం ఆడింది, ఏ చిత్రం పేరు తెచ్చుకొన్నది అన్న సంగతులు వారికి ఈ పత్రిక ద్వారా తెలిసేవి. అచ్చుకాని పత్రిక కాబట్టి అధికారుల పరిశీలనకు వెళ్లే అవసరం లేదు. ఏ రచయితకు స్వదేశంలో నోరు కట్టివేశారో, ఆ రచయిత పరదేశాల రాజులతో మాత్రం స్వేచ్ఛగా మాట్లాడగలిగాడన్నమాట.

రాచ చిత్రకళా అకాడమీ సభ్యులు తమ చిత్రాలను, శిల్పాలను లూవ్ర్ ప్రాసాదంలోని చతురస్రశాలలో రెండేళ్లకొకసారి ప్రదర్శించేవారు. ఆ శాల పేరుమీదనే ఆ ప్రదర్శనకు సలోన్ అని పేరు వచ్చింది. ఆగస్టు 25న, సెయింట్ లూయీ పండుగనాడు తెరిచి, సుమారు ఒక నెలపాటు ఉంచేవారు. ప్రవేశరుసుము లేదు. ప్రభువు నుండి పరిచారిక వరకు ఎవరైనా రావచ్చును. గోడల మీద నేల మొదలు పైకప్పు దాకా చట్రానికి చట్రం తగిలేటట్లు చిత్రాలను వ్రేలాడదీసేవారు. చిత్రాల సంఖ్యలు, పేర్లు గల చిన్న పుస్తకాన్ని ద్వారం వద్ద అమ్మేవారు. దిదెరో ఈ పుస్తకాన్ని చేతబట్టుకొని ఆ జనసమ్మర్దంలో గంటల తరబడి నిలబడేవాడు. మొదటి సమీక్ష గ్రిమ్‌కు వ్రాసిన చిన్న ఉత్తరమే. 1765, 1767 నాటికి అది పెద్ద గ్రంథమంత అయింది. 1759, 61, 63, 65, 67, 69, 71, 75, 81 – ఈ తొమ్మిది ప్రదర్శనలకు ఆయన సమీక్షలు మిగిలియున్నవి.

ఆయనకు ఎదురైన సమస్యను కాస్త ఆలోచించండి. చదివేవారు పీటర్స్‌బర్గులోనో స్టాక్‌హోమ్‌లోనో ఉన్నారు. వారు ఆ చిత్రాలను ఎన్నటికీ చూడకపోవచ్చును. ఛాయాచిత్రం అనేది ఇంకా పుట్టలేదు. అందుచేత ముందు చిత్రాన్ని మాటలతో నిర్మించాలి, ఆ తర్వాతనే దానిని తూచాలి. ఎక్కడ వెలుగు పడుతున్నది, ఎవరు ఎటు తిరిగి నిలిచారు, ఏ రంగు ఏ రంగును మింగుతున్నది అని పూసగ్రుచ్చినట్లు చెప్పుకొంటూ వచ్చేవాడు. ఒక్కొక్కప్పుడు చదివేవానికి విసుగు పుడుతుందని గ్రహించి, ఉపాయాలు పన్నేవాడు. 1765లో ఫ్రాగొనార్ అనే యువచిత్రకారుడు ఒక గ్రీకు పూజారి ఆత్మత్యాగాన్ని భారీ చిత్రంగా వేశాడు. దిదెరో తాను ఆ చిత్రాన్ని చూడనే లేదని చెప్పి, దానికి బదులు రాత్రి తనకు వచ్చిన ఒక కలను వర్ణిస్తాడు. కల ముగిసేసరికి గ్రిమ్ అందుకొని, నీవు కన్న కలయే ఆ చిత్రమని తేల్చుతాడు. 1767లో వెర్నే గీసిన ప్రకృతి దృశ్యాలను సమీక్షించవలసి వచ్చినప్పుడు, ప్రదర్శన మాట పక్కనపెట్టి, తాను ఒక మతాచార్యునితో కలిసి కొండలలో, సముద్రతీరాన విహారానికి వెళ్లినట్లు వ్రాసుకొంటూ పోయాడు. ఒకదాని తర్వాత ఒకటిగా అనేక దృశ్యాలు వస్తాయి. మధ్యలో తత్త్వచర్చలు, సౌందర్య మీమాంసలు. చాలా దూరం నడిచిన పిమ్మట గాని తాము ఇంతసేపూ తిరిగినది వెర్నే చిత్రాలలోనేనని చదువరికి తెలియదు.

అట్లని అది కేవలం చమత్కారం అనుకోరాదు. తనకు చిత్రలేఖనం రాదని ఆయనకు తెలుసును. ఇటలీకి ఎన్నడూ వెళ్లలేదు. కనుక చిత్రకారుల పనిశాలలకు వెళ్లి, వారు పనిచేస్తూ ఉండగా కూర్చుని, రంగులు కలపడం, పొరమీద పొర వేయడం చూచి నేర్చుకొన్నాడు. గురువులలో ముఖ్యుడు షార్దాన్. ఈ వృద్ధుడు కుండలు, పండ్లు, రొట్టెలు, చేపలు చిత్రించేవాడు. అకాడమీ లెక్కలో అది అతి తక్కువ తరగతి కళ. రాజుల కథలు, పురాణ ఘట్టాలు గీసేవారికే పెద్దపీట. 1763 ప్రదర్శనలో షార్దాన్ ఆలివ్ పండ్ల సీసా ఉన్న ఒక చిత్రాన్ని ఉంచాడు. దిదెరో దాని ముందు నిలబడి, ఇది రంగు కాదు పదార్థమేనని, చేయి చాచి ఆ బిస్కత్తులను అందుకోవచ్చునని, దగ్గరకు వెళితే అంతా కలిసిపోయి మసకబారి, దూరం జరిగితే మళ్లీ రూపు కట్టుతున్నదని వ్రాశాడు. తక్కువ తరగతి అని పండితులు నిర్ణయించినదానిలో మహాకళను చూచినందుకే ఆయనను గొప్ప విమర్శకుడనవచ్చునని నా అభిప్రాయం. వస్తువు పెద్దదైతే రచన పెద్దది కాదన్న సంగతి మన కావ్య విమర్శలో కూడా ఆలస్యంగానే స్థిరపడింది.

షార్దాన్‌కు మరొక బాధ్యత కూడా ఉండేది. ఏ చిత్రం ఏ గోడన వ్రేలాడాలో నిర్ణయించేవాడు ఆయనే. తీర్పు చెప్పేవారి తొందరపాటును చాలా చూచినవాడు. 1765 సమీక్ష ప్రారంభంలో దిదెరో ఆయన హితవును తనదైన తీరులో జ్ఞాపకం చేసుకొంటాడు. చిత్రకారుడు ఏడెనిమిదేళ్ల ప్రాయంలో చేతికి పెన్సిలు తీసుకొంటాడు. ముందు అచ్చుబొమ్మలను చూచి కన్నులు, ముక్కులు, చెవులు గీస్తాడు. తర్వాత విగ్రహాలు, ఆపైన సజీవుడైన మనిషి. యౌవనమంతా దీపాల వెలుగులో కరిగిపోయిన తర్వాత కుంచె పట్టుకొంటే ఇంతవరకు నేర్చినది చాలదని తేలుతుంది. నిరాశతో ఎందరో ఆ వృత్తిని వదలి సిపాయిలుగానో నటులుగానో మారిపోతారు. ప్రదర్శనలో అధమమని నీవు నవ్వే చిత్రం వేసినవాడు కూడా వేలమంది ఎక్కలేని మెట్లు ఎక్కి వచ్చినవాడే, కనుక కొంచెం మెత్తగా మాట్లాడమని ఆ వృద్ధుని విన్నపం. దిదెరో ఈ విన్నపాన్ని శ్రద్ధతో నమోదుచేశాడు. చేసి, ఆ వెంటనే రాజుగారి ప్రథమ చిత్రకారుడైన బూషేను చీల్చిచెండాడాడు. రుచి, రంగు, భావం, శీలం అన్నీ దిగజారిపోయాయన్నాడు. ఆనాడు బూషే పదవి, పలుకుబడి ఎంతటివో ఎరిగిన గ్రిమ్, ఈ వ్రాతప్రతి పారిస్‌లో ఎవరి కంటా పడకుండా జాగ్రత్తపడవలసి వచ్చింది. తెలిస్తే చిత్రకారులు తనను బ్రతకనీయరని దిదెరోకు కూడా భయమే.

ఈ రహస్యం గురించి నాకొక సందేహం కలుగుతూ ఉంటుంది. విమర్శ ఎవరిని గురించి వ్రాయబడిందో వారికి అది చేరకపోతే అది విమర్శ అవుతుందా? బూషే తన మీద వచ్చిన ఆరోపణకు సమాధానం చెప్పుకొనే అవకాశం లేకపోయింది. ఈ వైపునుండి చూస్తే దిదెరో సాహసాన్ని మరీ ఎక్కువ చేసి చెప్పలేము. రెండవ వైపునుండి చూస్తే, అచ్చులో సాధ్యంకాని సత్యాన్ని కనీసం వ్రాతలోనైనా నిలిపి ఉంచాడు గదా అనిపిస్తుంది. ఇంకొక లోపం కూడా చెప్పాలి. ఆయన చిత్రంలో నీతిని అతిగా వెదికేవాడు. కుటుంబ దృశ్యాలు, తండ్రి మరణశయ్య, పశ్చాత్తాపపడే కుమారుడు – ఇట్టి కన్నీటి బొమ్మలు గీసే గ్రూజ్ అంటే ఆయనకు మొదట్లో మహా ప్రీతి. 1765లో చచ్చిన పిట్టను చూచి ఏడుస్తున్న బాలిక చిత్రం ముందు నిలిచి, ఆ పిల్లతోనే సంభాషణ మొదలుపెట్టి, నీ దుఃఖానికి కారణం పిట్ట కాదులే అని లాలించిన పుటలు ఇప్పుడు చదివితే అందంగా ఉన్నా కొంత అతిగానే కనిపిస్తాయి.

అయితే ఆ గ్రూజ్ విషయంలోనే ఆయనకు అసలైన పరీక్ష ఎదురైంది. 1769లో గ్రూజ్ తాను కుటుంబ దృశ్యాల చిత్రకారుడుగా మిగిలిపోరాదని, చరిత్ర చిత్రకారుడన్న పెద్ద హోదా కావాలని కోరి, రోమను చక్రవర్తి సెవెరస్ తన్ను చంపజూచిన కుమారుణ్ణి మందలించే ఘట్టాన్ని గీసి అకాడమీకి సమర్పించాడు. అకాడమీ ఆయనను చేర్చుకొన్నది గాని, పాత తక్కువ తరగతిలోనే చేర్చుకొన్నది. అవమానంతో క్రుంగిన మనిషికి మిత్రుడైన విమర్శకుని నుండి ఊరట లభిస్తుందని ఎవరైనా అనుకొంటారు. దిదెరో చిత్రాన్ని చూచి, అది బాగాలేదని వ్రాశాడు. చక్రవర్తిలో చక్రవర్తి లక్షణం లేదన్నాడు. ఒకప్పుడు నెత్తిన పెట్టుకొన్నవాణ్ణి ఓడిపోయిన రోజున వెనకవేసుకొని రాలేదు. ఇది క్రూరత్వమా, నిజాయితీయా అన్నది పాఠకులే నిర్ణయించుకోవచ్చును. వారి మైత్రి అప్పటికే చెడింది.

తన్ను గురించి వచ్చినదానినీ ఆయన వదలలేదు. 1767 ప్రదర్శనలో లూయీ మిషెల్ వాన్ లూ గీసిన దిదెరో చిత్రపటం ఉండెను. గీసినవాడు మిత్రుడు. పట్టువస్త్రంలో చిరునవ్వుతో వ్రాతబల్ల వద్ద కూర్చున్న రూపం. తన ముఖం రోజుకు నూరు విధాలుగా మారుతుందని, ఈ సోకులరాయుణ్ణి చూచి రేపు తన మనుమలు తన విచారగ్రంథాలతో పోల్చుకొంటే ఏమనుకొంటారని హాస్యంగా విసుక్కొన్నాడు. ఆ పటం నేటికీ లూవ్ర్‌లోనే ఉన్నది. విజ్ఞాన సర్వస్వ సంపాదకుని ముఖమంటే లోకానికి అదే.

నాటకం పట్ల ఆయన ఆసక్తి చిత్రకళకన్న పాతది. 1751లో మూగ చెవిటివారిని గురించి వ్రాసిన లేఖలో తన అలవాటు ఒకటి చెప్పాడు. కొన్ని నాటకాలు ఆయనకు కంఠస్థం. అట్టివి ఆడుతున్నప్పుడు నాటకశాలలో దూరాన, ఎత్తయిన ఆసనం మీద కూర్చుని, రెండు చెవులలోనూ వ్రేళ్లు దూర్చుకొని చూచేవాడట. నటుని అభినయం మాట సహాయం లేకుండా నిలుస్తుందా లేదా అని పరీక్ష. చెవులు మూసుకొన్న మనిషి కన్నుల వెంట ధారగా నీరు కారుతూ ఉంటే ప్రక్కవారు ఆశ్చర్యపోయేవారు. మన పద్యనాటకాల ప్రేక్షకుడు సరిగ్గా దీనికి వ్యతిరేకి. మనవాడు కన్నులు మూసుకొని రాగం వింటూ, పద్యం అయిపోగానే వన్స్ మోర్ అని కేక వేస్తాడు. చెవులు మూసుకొని చూడదగిన అభినయం మన రంగస్థలం మీద ఎంత ఉన్నదో మన నాటక సంఘాలవారు ఒకసారి పరీక్షించుకొంటే మంచిది.

1757, 58లలో రెండు నాటకాలు వ్రాసి, వాటి వెంట నాటక కళను గురించిన ప్రసంగాలనూ ప్రకటించాడు. రాజులు, విదూషకులు కాక మధ్యతరగతి గృహస్థుడు, తండ్రి, వర్తకుడు రంగం మీదకు రావాలన్నాడు. రంగస్థలానికి, ప్రేక్షకులకు మధ్య ఒక పెద్ద గోడ ఉన్నదని భావించి నటించమన్నాడు. అప్పటి ఫ్రెంచి రంగస్థలం మీదనే ధనికులకు ఆసనాలుండేవి. 1759లో గాని వాటిని తొలగించలేదు. ఈ స్థితిని గమనిస్తే ఆ ఊహా గోడ ఎంత విప్లవకరమో తెలుస్తుంది. సిద్ధాంతం బాగున్నది కాని నాటకాలు అంత బాగాలేవు. వాటిలో పాత్రలు మాట్లాడవలసిన చోట ఉపన్యసిస్తాయి. రెండవ నాటకానికి 1769లో జనాదరణ లభించింది. మొదటిది 1771లో పారిస్ రంగస్థలం మీద ఒక్కసారి ఆడి నిలిచిపోయింది. అన్నట్లు, 1760లో ఒక శత్రువు వ్రాసిన ప్రహసనంలో దిదెరోనే పాత్రగా చేసి నవ్వులపాలు చేశారు. సమీక్షించేవాడు సమీక్షకు గురి కావడమంటే ఏమిటో ఆయన బాగా అనుభవించాడు.

నటనను గురించి ఆయన చెప్పిన అతి ప్రసిద్ధమైన మాట కూడా ఒక పుస్తక సమీక్షగానే పుట్టింది. ఆంగ్ల నటుడు గారిక్ పేరుతో వచ్చిన ఒక చిన్న పుస్తకాన్ని 1770లో గ్రిమ్ పత్రికకు సమీక్షించి, తర్వాత సంవత్సరాల తరబడి దానిని పెంచుకొంటూ పోయాడు. గొప్ప నటుడు పాత్ర దుఃఖాన్ని తాను అనుభవించడని, చల్లని తలతో, ముందుగా నిర్ణయించుకొన్న నమూనాను ప్రతి రాత్రి తప్పకుండా పునర్నిర్మిస్తాడని వాదించాడు. అనుభవించి నటించేవాడు ఒకనాడు మెరుస్తాడు, మరునాడు చప్పబడతాడు. పారిస్ నటీమణులలో క్లేరో మొదటి జాతికి, ద్యుమెనీల్ రెండవ జాతికి ఉదాహరణలు. గారిక్ అయితే రెండు తలుపుల నడుమ ముఖం మాత్రం చూపి, నాలుగైదు క్షణాలలో పిచ్చి సంతోషం నుండి ఘోర నిరాశ వరకు అన్ని మెట్లూ దిగి, మళ్లీ ఎక్కేవాడట. హృదయమే అంత వేగంగా మారుతుందా అని దిదెరో ప్రశ్న. ఈ గ్రంథం 1830లో గాని అచ్చు కాలేదు. అప్పటినుండి నేటివరకు నటులు దీనిమీద తగవులాడుతూనే ఉన్నారు.

ఇక కవిత్వం. 1769లో సేన్ లాంబేర్ ఋతువర్ణనల కావ్యం వెలువడింది. కవి ప్రభువంశీయుడు, విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు వ్రాసిన మిత్రబృందంలోనివాడు. దిదెరో దానిని వివరంగా పరిశీలించి, కవికి భాష వచ్చును, చెవి ఉన్నది, ఛందస్సు చేతిలో ఉన్నది, లేనిదల్లా తనలో తాను సుడులు తిరిగే ఆత్మ, ఉడికే ఊహాశక్తి, ఇంకొన్ని తీగలున్న వీణ అని తేల్చాడు. నేటి మన పద్యకవులలో ఎందరికి ఈ తీర్పు వర్తిస్తుందో! ఆ కాలంలోనే మన దేశంలోనూ ఇట్టి తీర్పరి ఒకడుండెనని ఉర్దూ విద్యార్థులు ఎరుగుదురు. 1752లో మీర్ తఖీ మీర్ నికాతుష్షుఅరా అనే పేర తన కాలపు రేఖ్తా కవుల తజ్కిరాను పారసీక భాషలో కూర్చి, పెద్దా చిన్నా చూడక నిర్మొహమాటంగా అభిప్రాయాలు చెప్పి చాలామంది ఆగ్రహానికి గురియైనాడు. ఢిల్లీలో మీర్, పారిస్‌లో దిదెరో ఒకరి పేరు ఒకరు వినలేదు. కాని మొహమాటం చంపుకొనే కష్టం ఇద్దరిదీ ఒక్కటే.

కవిత్వ విమర్శకు సంబంధించి దిదెరో తన నవల ఒకదానిలో ఒక ఉదంతం చెప్పాడు. దానిలో మన దేశం ప్రసక్తి ఉన్నది. ఒక యువకుడు కవితల కట్టతో వచ్చి అభిప్రాయం అడుగుతాడు. బాగాలేవని, ఇకముందు కూడా బాగుండబోవని చెప్పినా వ్రాయక మానలేనంటాడు. తల్లిదండ్రులు నగల వర్తకులని తెలిసి, అట్లయితే పుదుచ్చేరికి వెళ్లి ముందు ధనం సంపాదించమని సలహా దొరుకుతుంది. యువకుడు నిజంగానే ఓడ ఎక్కుతాడు. పన్నెండేళ్లకు లక్ష ఫ్రాంకులతో తిరిగివస్తాడు. చేతిలో మళ్లీ కవితల కట్ట! కవిత్వం ఎప్పటివలెనే చెడ్డది, కాని ఇప్పుడు చెడ్డ కవిత్వం వ్రాసుకోవడానికి స్తోమత ఉన్నది. ఈ కథ చదివి ఫ్రెంచివారు నవ్వుకొంటారు. మనకు నవ్వుతోపాటు మరొక ఆలోచన కూడా వస్తుంది. విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం వెలువడిన 1751లోనే, బొబ్బిలి యుద్ధం ద్వారా తెలుగువారందరికీ తెలిసిన బుస్సీ, సలాబత్ జంగును దక్కను సుబేదారుగా నిలబెట్టాడు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమయ్యాయి. ఆ లక్ష ఫ్రాంకులు ఎవరి కష్టం నుండి వచ్చేవో మనం ఊహించుకోగలము. దిదెరో దీనిని ఎరుగనివాడు కాడు. రేనాల్ అనే రచయిత ఇండియాలలో ఐరోపావారి వర్తకాన్ని గురించి వ్రాసిన మహాగ్రంథంలో, వలసరాజ్యాలను, బానిస వ్యాపారాన్ని ఖండించే ఎన్నో పుటలు పేరు వేసుకోకుండా వ్రాసినది ఆయనే.

ఆయన బ్రతుకు మాత్రం ఎప్పుడూ లక్షలు చూడలేదు. కుమార్తె వివాహానికి డబ్బు కావలసి 1765లో తన గ్రంథాలయాన్ని అమ్మజూపాడు. కేథరిన్ రాణి పదునైదువేల లీవ్రులకు కొని, పుస్తకాలను ఆయనవద్దనే ఉంచి, వాటికి సంరక్షకుడుగా ఏటా వేయి లీవ్రుల వేతనం ఏర్పాటు చేసింది. తర్వాత ఏబదియేండ్ల వేతనాన్ని ఒక్కసారే ముందుగా ఇచ్చివేసింది. దీనికి బదులుగా ఆయన ఆమెకు చిత్రాలు సేకరించి పంపేవాడు. 1772లో క్రోజా కుటుంబపు ప్రఖ్యాత చిత్రసంచయాన్ని 4,60,000 లీవ్రులకు రష్యాకు కొనిపించడంలో ఆయనది ముఖ్యపాత్ర. దేశసంపదను పరాయివారికి తరలిస్తున్నాడని పారిస్ రసికులు గగ్గోలు పెట్టారు. పనిశాలల వెంట తిరిగి సంపాదించిన దృష్టి ఒక చక్రవర్తిని కొనుగోలుకు ఉపయోగపడింది. ఈ ఘట్టంలో ఆయనను నేను పూర్తిగా సమర్థించలేను. 1773 అక్టోబరు నుండి 1774 మార్చి వరకు పీటర్స్‌బర్గులో గడిపి, ఆమెకు పరిపాలనా సంస్కరణలు బోధించాడు. ఆమె విన్నది, నవ్వింది, తనకు తోచినట్లే పాలించింది.

శిల్పి ఫాల్కొనే ఆయనకు ఆప్తుడు. 1765 ప్రాంతాన వీరిద్దరి మధ్య ఒక వాదం లేఖలలో దీర్ఘంగా సాగింది. తాను పోయిన తర్వాత లోకం ఏమనుకొన్నా తనకు లెక్కలేదని శిల్పి. భావితరాల తీర్పే రచయితకు పరలోకం వంటిదని దిదెరో. రాతిలో చెక్కి వీథిలో నిలిపే ఫాల్కొనే అట్లా అనడం, అచ్చుకాని కాగితాలు పెట్టెలో పేర్చుకొంటున్న దిదెరో ఇట్లా అనడం గమనింపదగినది. ఆయనకు ఆ నమ్మకం తప్ప చేతిలో మరేమీ లేదు.

1781లో చివరి సమీక్ష వ్రాశాడు. 1784 జూలై 31న పారిస్‌లో భోజనపు బల్ల వద్దనే ప్రాణం విడిచాడు. సేన్ రోష్ చర్చిలో ఖననం చేశారు. పుస్తకాలు, వ్రాతప్రతుల నకళ్లు పీటర్స్‌బర్గు చేరాయి. మరొక ప్రతుల సముదాయాన్ని కుమార్తె భద్రపరచింది. 1765 నాటి సమీక్ష 1795లో, అనగా వ్రాసిన ముప్పదేళ్లకు, మొట్టమొదటిసారి అచ్చయింది. చిత్రకళను గురించిన వ్యాసాలలో కొంతభాగాన్ని 1799లో గోథే జర్మను భాషలోకి తెచ్చాడు. కుమార్తె వంశీయుల వద్ద ఉన్న ప్రతులు 1948లో గాని పండితుల కంటబడలేదు. 1957 నుండి 1967 వరకు ఆక్స్‌ఫర్డులో సెజ్నెక్, అదేమార్ అనే పండితులు సమీక్షలన్నిటినీ చిత్రాలతో జతపరచి నాలుగు సంపుటాలుగా ప్రకటించారు. రెండు శతాబ్దాల క్రితం రాజులు మాటలలో మాత్రమే చూచిన చిత్రాలను, ఈ సంపుటాలు తెరిచినవారు మాటల ప్రక్కనే పెట్టి చూడవచ్చును. షార్దాన్ ఆలివ్ పండ్ల సీసా, ఫ్రాగొనార్ పూజారి నేడు లూవ్ర్‌లో ఉన్నాయి. ఏడ్చే బాలిక ఎడింబరో చేరింది.